ఒక్క ముక్కే కదా

ఫిబ్రవరి 3

ఈ పుస్తకం కొన్నది ఎవరు ఏ టైముకి వస్తారో రాసుకోవడానికి. మా షాపుకి టైము చెప్పి వచ్చేంత గొప్పవాళ్లెవరూ లేరు. జుట్టు చెవుల మీదికొస్తే వస్తారు, లేకపోతే లేదు. అందుకని కాగితాలన్నీ తెల్లగానే ఉండిపోయాయి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షాపూ అంతే. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల గోడు వినేది నేను, నా గోడు వినేది ఎవరు? అద్దంలో చూసుకుని చెప్పుకుంటే రోడ్డున పోయేవాళ్లు నవ్వుతారు. రాసుకుంటే ఆ గొడవ లేదు.

విషయం ఒక్కటే. మార్చి పదో తారీఖున బొగ్గుకి పరీక్ష. పాసయితే ఆ రోజే తీసుకెళ్లిపోతారు. ఇంకా ఐదు వారాలు.

నాకేం బెంగ లేదు. ఆ కుక్క మాది కాదని మొదటిరోజే తెలుసు. కళ్లు కనబడనివాళ్లకి దారి చూపించే కుక్కల్ని తయారుచేసే కేంద్రం వాళ్లది అది. రెండు నెలల పిల్లగా ఇంటికిస్తారు. ఏడాది పెంచి, జనంలో తిప్పి, బస్సులూ మెట్లూ బజార్లూ అలవాటు చేసి తిరిగి అప్పజెప్పాలి. ఆ తర్వాత అసలు చదువు వాళ్లు చెప్పుకుంటారు. ఒకవేళ పరీక్ష తప్పితే, పెంచినవాళ్లు కావాలంటే ఉంచేసుకోవచ్చు. కాగితం మీద మా ఆవిడ సంతకం పెట్టింది, పక్కన నేనూ పెట్టాను. ఇచ్చిన మాట ఇచ్చినట్టే. నా దిగులంతా మా పాప గురించి.

ఫిబ్రవరి 4

పాపకి ఎనిమిదో ఏట ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఏడు నెలలు మంచం మీదే. ఆసుపత్రిలో మూడుసార్లు పెట్టాం. జబ్బు తగ్గింది, ఇక మందులు అక్కర్లేదని డాక్టరన్నాడు. తగ్గనిది భయం. గుమ్మం దాటితే ఊపిరి అందదని తన నమ్మకం. రోడ్డు మధ్యలో ఊపిరి ఆగిపోతే ఎవరు చూస్తారని అడిగేది. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, కింద వీధి చూస్తూ కూచునేది. అలా పదకొండు నెలలు. బతిమాలాం, ఆశ పెట్టాం. ఒకసారి నేను చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కెళ్లాను. పాప అక్కడే వాంతి చేసుకుంది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఈ కుక్కపిల్లల సంగతి మా ఆవిడ కనిపెట్టింది. తను పనిచేసే యూనిఫారాల ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారట. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో ఒకరికి సేవ చాలక ఇదొకటా అన్నాను. ఆవిడ నా మాట వినడం ఎప్పుడు జరిగింది గనక.

కుక్కపిల్ల వచ్చిన మూడో రోజు, పదకొండింటప్పుడు టీ కోసం పైకి వెళ్లాను. షాపు కింద, ఇల్లు పైన. కుర్చీ ఖాళీ. స్నానాల గదిలో లేదు, మంచం కింద లేదు. పరిగెత్తుకుంటూ దిగి వెనక సందులోకి వెళితే, అక్కడ కరెంటు స్తంభం దగ్గర పాప గొంతుక్కూచుని ఉంది. ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి వాళ్లమ్మ చెప్పు. ఎదురుగా నల్లటి కుక్కపిల్ల కాలెత్తడం కూడా చేతకాక నడుం వంచి పోసేస్తోంది. పాప నన్ను చూసి, "ఆపుకోలేకపోయింది నాన్నా," అంది. ఆ తర్వాత తలెత్తి నాలుగువైపులా చూసుకుంది. తను ఎక్కడుందో అప్పుడు తెలిసింది పాపకి.

అంత చిన్న కుక్కపిల్లని రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్లాలి. మేమిద్దరం పనిలో ఉంటాం. ఇక భయపడటానికి పాపకి తీరికేదీ? సందు చివరి దాకా, ఆ తర్వాత బజారు దాకా, తర్వాత బస్సు. జూన్లో బడికి వెళ్లింది. ఏ డాక్టరూ, ఏ మందూ, కన్నతండ్రీ చేయలేని పని ఐదు కిలోల కుక్కపిల్ల చేసింది. బొగ్గు అని పేరు పెట్టింది కూడా పాపే.

ఫిబ్రవరి 5

నిన్న రాస్తుండగా బేరం వచ్చి ఆపేశాను. ఇంకో మాట.

పాప బూట్లు రెండుసార్లు పోగొట్టుకున్న పిల్ల. పెన్సిలు వారానికొకటి. అలాంటి పిల్ల బొగ్గు తిండి ఒక్కపూట మరిచిపోలేదు. ఏడింటికి కొలిచి గిన్నెలో పోస్తుంది, బొగ్గు కూచునే దాకా ఆగుతుంది, అప్పుడు తినమంటుంది. చెవులు చూస్తుంది, గోళ్లు చూస్తుంది. పసుపు కోటు తొడిగి బజారుకి తీసుకెళుతుంది. కోటు ఉన్నప్పుడు ఎవరూ దాన్ని నిమరకూడదని రూలు. కూడలిలో నిలబడే పోలీసాయన అలవాటుగా చెయ్యి చాపితే, "పని మీద ఉందండీ, ముట్టుకోకండి," అందట. ఆయనే షాపుకొచ్చి గడ్డం గీయించుకుంటూ చెప్పాడు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నాడు. నేను కత్తి పక్కన పెట్టి గోడ వైపు తిరిగి కాసేపు దువ్వెనలు సర్దాను.

ఫిబ్రవరి 6

పాప బడిలో ఉన్నంతసేపూ బొగ్గు నా షాపులో బల్ల కింద పడుకుంటుంది. మధ్యాహ్నం నేను రొట్టె తింటుంటే తలెత్తి చూసింది. ఒక ముక్క పెట్టాను. ఒక్క ముక్కే కదా.

ఫిబ్రవరి 8

కేంద్రం వాళ్లిచ్చిన చిన్న పుస్తకం మళ్లీ తిరగేశాను. ఊరికే. చేత్తో తినిపించకూడదని నల్లగా, లావుగా అచ్చు వేశారు. చేతికి అలవాటుపడ్డ కుక్క ఎవరి చేతిలో తిండి కనబడినా అటు తిరుగుతుంది, రోడ్డు మీద యజమానిని కూడా అటే లాక్కెళుతుంది, అలాంటిది పరీక్షకి పనికిరాదు అని ఉంది. వీళ్లు మరీ చాదస్తులు. ముక్క రొట్టెకి చెడిపోయే చదువూ ఒక చదువేనా?

ఇవాళ రెండు ముక్కలు.

ఫిబ్రవరి 9

రేడియో మాస్టారు వచ్చారు. ఆయనకి చూపు లేదు. రెండు వీధుల అవతల రేడియోలూ మిక్సీలూ బాగుచేస్తారు, వేళ్లతో తడిమి ఏ వైరు ఎక్కడ తెగిందో చెప్తారు. నన్ను "కత్తెరా" అని పిలుస్తారు. నా పేరు ఆయనకి తెలుసో లేదో.

మోకాలి మీద పెద్ద కట్టు. ఫుట్‌పాత్ తవ్వి వదిలేశారట, కర్రకి గొయ్యి తగల్లేదు. కర్ర తెలివైందే గానీ దానికి తొందర ఎక్కువన్నారు. కుక్క కోసం కేంద్రంలో పేరు రాయించి రెండున్నరేళ్లయింది, ముందు పదకొండుమంది ఉన్నారట. బల్ల కింద బొగ్గు తోక నేలకి కొట్టుకుంటుంటే, చప్పుడు వైపు మొహం తిప్పి, మా వాడా అని అడిగారు. మీ వాడో కాదో తెలీదండీ, ఎవరి వాడో ఒకరి వాడు అన్నాను. "ఎవరివాడైతేనేం, బాగా చదవమను," అన్నారు.

ఆయన వెళ్లేదాకా రొట్టె పొట్లం విప్పలేదు.

ఫిబ్రవరి 10

మూడు. చివరి ముక్క దానంతట అదే చేతిలోంచి తీసుకుంది. నేను పెట్టలేదు, అది తీసుకుంది.

ఫిబ్రవరి 15

నెలకోసారి చూడ్డానికి కేంద్రం నుంచి ఒక మేడమ్ వస్తుంది. సన్నగా, పొడుగ్గా, కుక్కలతో కంటే మనుషులతో తక్కువ మాట్లాడే రకం. సాయంత్రం పాప బడి నుంచి వచ్చాక వచ్చింది. షాపులో ఒకాయన క్రాపు చేయించుకుంటున్నాడు, ఆయన ఒళ్లో బిస్కెట్ పొట్లం. బొగ్గు లేచింది. తిన్నగా వెళ్లి ముక్కు ఆయన అరచేతిలో పెట్టింది.

మేడమ్ నవ్వలేదు. ఎవరో చేత్తో పెడుతున్నారు, ఎవరని అడిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను కత్తెర తీసి తుడవడం మొదలుపెట్టాను. తుడిచిందే తుడిచాను.

"నేనేనండీ," అంది పాప.

మేడమ్ పాప వైపు చాలాసేపు చూసింది. ఏడాదిలో ఒక్క తప్పు లేదు, ఇప్పుడెందుకు పెట్టావని అడిగింది. పాప తల వంచుకుంది. మేడమ్ ఒక కాగితం మీద ఏదో రాసుకుంది. పరీక్ష అయ్యేదాకా తాడు పాప చేతికి ఇవ్వకూడదట. పెద్దవాళ్లే పట్టుకోవాలి. పరీక్ష రోజు, చేత్తో పెట్టిన మనిషే తిండి పట్టుకుని దారిలో నిలబడాలట. కుక్క ఆగితే తప్పినట్టు, దాటిపోతే పాసయినట్టు.

క్రాపు ఆయన వెళ్లేటప్పుడు ఒక చెవి మీద జుట్టు ఎక్కువగా ఉందన్నాడు. నిజమే, ఉంది.

ఫిబ్రవరి 16

పాప కూడా పెడుతోందన్నమాట. నేనొక్కణ్ణే కాదు. పిల్లలు పిల్లలే.

ఫిబ్రవరి 19

తాడు నేను పట్టుకుంటున్నాను. పాప అవతలి పక్కన నడుస్తోంది, చేతులు వెనక్కి కట్టుకుని. నాన్నా, మలుపు దగ్గర ఆగు. నాన్నా, తాడు లాగకు, వదులుగా ఉంచు. నాన్నా, అది కూచున్నాక వెళ్దాం. ఎక్కడా గొంతు పెంచదు. కూడలిలో పోలీసాయన, ఏమ్మా ఇవాళ డ్యూటీ నాన్నగారిదా అన్నాడు. అవునండీ, ఆయనకీ అలవాటు కావాలి అంది.

ఏడాది మోసిన పని తన చేతిలోంచి తీసేసుకుంటే నేనైతే ఇల్లు పీకి పందిరి వేసేవాణ్ణి. పాప మొహంలో ఏమీ కనబడదు. ఎవరి పోలికో.

ఇవాళ ఏమీ పెట్టలేదు. సగం ముక్క.

ఫిబ్రవరి 24

ఇది రాయకుండా ఉండలేను, రాయాలనీ లేదు.

ఆదివారం, షాపు మూసి నేల కడుగుతున్నాం, నేనూ పాపా. బొగ్గు పైన వాళ్లమ్మ దగ్గర ఉంది. ఊరికే అడిగినట్టు, నువ్వేం పెట్టేదానివమ్మా దానికి అన్నాను.

"నేనెప్పుడూ పెట్టలేదు."

మరి నేనేనని ఎందుకు చెప్పావన్నాను. పాప బకెట్టు పక్కకి జరిపింది. నా వైపు చూడలేదు.

"నీ చొక్కా జేబులో ఎప్పుడూ రొట్టె పొడి ఉంటుంది. బొగ్గు మూతికి కూడా ఉంటుంది. నాకు ఎప్పుడో తెలుసు నాన్నా."

తెలిస్తే నన్ను అడగవచ్చు కదా, మానెయ్యమని చెప్పవచ్చు కదా అన్నాను. చీపురు పట్టుకుని నిలబడి ఆలోచించుకుని చెప్పింది.

"బొగ్గుకి మొదట్లో బజార్లో పెద్ద షాపులో కరెంటుతో కదిలే మెట్లంటే భయం కదా. లాగితే పడుకుండిపోయేది. తిడితే ఒణికేది. నేను ఏమీ అనకుండా పక్కన కూచునేదాన్ని. ఎనిమిది రోజులు కూచున్నాను. తొమ్మిదో రోజు అదే ఎక్కింది. భయం వేసినవాళ్లని తిడితే భయం ఎక్కువవుతుంది నాన్నా. నీకు భయంగా ఉంది. అందుకని ఊరుకున్నాను."

నాకేం భయం అన్నాను. గొంతు కాస్త పెద్దదైంది.

"నేను మళ్లీ కుర్చీలో కూచుంటానని."

బకెట్టు ఎత్తుకుని బయట నీళ్లు పారబోయడానికి వెళ్లింది. పదకొండేళ్లు కూడా నిండలేదు.

ఫిబ్రవరి 25

రాయలేను.

ఫిబ్రవరి 26

నిన్నంతా ఒకటే లెక్క వేశాను. పరీక్ష రోజు దారిలో నిలబడేది పాప. పాప చేత్తో అది ఎన్నడూ తినలేదు, కాబట్టి చక్కా దాటిపోతుంది, పాసవుతుంది. ఆ తర్వాత ఏ రేడియో మాస్టారో దాని నడుం కట్టు పట్టుకుని రోడ్డు దాటుతుంటాడు. అవతల గట్టు మీద నాలాంటి వెధవ ఒకడు రొట్టె తింటూ నిలబడి ఉంటాడు. అప్పుడు?

మరి నిజం చెప్తే దారిలో నిలబడేది నేను. అది నా దగ్గర ఆగుతుంది, తప్పుతుంది, మా ఇంట్లోనే ఉండిపోతుంది. నేను కోరుకున్నదీ అదే. నిజం చెప్పినా నాకే లాభమా? ఇలాంటి నిజం చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది.

మా ఆవిడకి చెప్పాను. నాకు తెలుసంది. ఇంట్లో నాకొక్కడికే తెలీదన్నమాట, నాకు భయమని.

ఫిబ్రవరి 27

షాపు మూసి కేంద్రానికి వెళ్లాను. మేడమ్ ఒక కుక్క పళ్లు తోముతోంది. తప్పు చేసిన పిల్లాడిలా నిలబడి మొత్తం చెప్పాను. పెట్టింది నేను, పాప కాదు అని. ఎందుకని అడిగింది. ఇది వెళ్లిపోతే మా పాప మళ్లీ ఇంట్లో ఉండిపోతుందని భయపడ్డానన్నాను. తప్పితే కుక్క మీకే వస్తుందని తెలుసా అంది. తెలుసన్నాను. తెలిసే పెట్టారా అంది. తెలిసే పెట్టానన్నాను.

చాలాసేపు పళ్లు తోమింది.

"మీ పాప సంగతి నాకు తెలీదండీ. కుక్క సంగతి తెలుసు. పుట్టుకతో వచ్చింది పోదు గానీ, మనం నేర్పింది మనం మాన్పించొచ్చు. ఏప్రిల్ పద్నాలుగు దాకా టైమిస్తాను. మాన్పించాల్సింది మీరే."

తాడు పాపకే ఇచ్చేయమంది. బయటికి వచ్చాక బస్టాపులో కూచుని రెండు బస్సులు వదిలేశాను.

మార్చి 2

నాకు శిక్షణ మొదలైంది. మాస్టారు మా పాప.

రోజూ సాయంత్రం షాపు ముందు నేను చేతిలో రొట్టె ముక్కతో నిలబడాలి. పాప బొగ్గుని నా ముందు నుంచి నడిపిస్తుంది. చెయ్యి దాచకూడదు. పిడికిలి బిగించకూడదు. దాని మొహం చూడకూడదు, దూరంగా చూడాలి. పిలవకూడదు, నవ్వకూడదు. ఇవాళ ఆరుసార్లు నడిచింది, ఆరుసార్లూ నా దగ్గర ఆగింది. ఆగిన ప్రతిసారీ పాప మాట్లాడకుండా వెనక్కి తీసుకెళ్లి మళ్లీ నడిపించింది.

మార్చి 5

ఎనిమిదికి ఎనిమిది ఆగింది. నీ కళ్లు పిలుస్తున్నాయి నాన్నా అంది పాప. కళ్లు ఎలా పిలుస్తాయే అన్నాను. పిలుస్తున్నాయి, నాకు కూడా రావాలనిపించింది అంది.

మార్చి 9

ఇవాళ బేరగాళ్లు ముగ్గురు బెంచీ మీద కూచుని వేడుక చూశారు. ఒకాయన, కుక్క తోక వంకరయ్యా, అది మారదు అన్నాడు. వంకర తోకది కాదండీ, నాదే అన్నాను. నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

మార్చి 17

పదిలో రెండుసార్లు ఆగకుండా వెళ్లింది. పాప బొగ్గు మెడ నిమిరి "మంచివాడివి" అంది. నాకు సంతోషం వేసింది, వెంటనే దిగులూ వేసింది. రెండూ నిజమే.

మార్చి 26

పాప బళ్లో ఒక కొత్త పిల్లవాడు చేరాడట. మూడు రోజులుగా గేటు పట్టుకుని ఏడుస్తున్నాడు, లోపలికి రాడు. టీచరు లాగింది, వాళ్ల నాన్న తిట్టాడు. మా పాప వెళ్లి గేటు పక్కన నేల మీద కూచుందట, ఏమీ మాట్లాడకుండా, తన డబ్బా తెరిచి తింటూ. ఇవాళ వాడు తనంతట తనే లోపలికి వచ్చాడు. జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన తన తమ్ముడితో టీచరు చెప్పి పంపింది, మీ అమ్మాయికి ఈ విద్య ఎవరు నేర్పారో కనుక్కోమని.

బల్ల కింద పడుకున్న పంతుల్ని చూపించాను.

పెంపకం అంటే మనం పిల్లల్ని పెంచడమనుకుంటాం. ఇంట్లో నోరులేని జీవి ఒకటి ఉంటే, దానికి ఏం కావాలో చెప్పకుండానే కనిపెట్టాలి కాబట్టి, పిల్లలకి ఎదుటివాళ్లని చూడటం వస్తుంది. నేను ముప్పయ్యేళ్లుగా మనుషుల తలలు పట్టుకుని తిప్పుతున్నాను. ఒక్కరి మొహం అలా చూశానా?

ఏప్రిల్ 6

పదికి పది.

ఏప్రిల్ 7

పదికి ఎనిమిది. నేనే. నా కళ్లు.

ఏప్రిల్ 13

రేపే. ఒక్క మాట ఇక్కడ రాసి పెడతాను, ఎవరికీ చెప్పను. రేపు నేను చూపుడువేలు కాస్త కదిపితే చాలు. ఎవరికీ తెలీదు. మేడమ్‌కి కూడా.

ఏప్రిల్ 14

కేంద్రంలో పొడుగాటి వరండా. ఒక చోట కుర్చీలు అడ్డంగా పడేశారు, ఒక చోట రేడియో గట్టిగా పెట్టారు, ఒక చోట బంతి దొర్లించారు. చిట్టచివర నేను, చేతిలో రొట్టె ముక్కతో. మా ఆవిడా పాపా పక్కగదిలో గాజు తలుపు వెనక.

మేడమ్ బొగ్గుని తీసుకొచ్చింది. కుర్చీలు తప్పించింది. రేడియో పట్టించుకోలేదు. బంతి కాళ్ల మధ్య నుంచి పోతే తల కూడా తిప్పలేదు. నాకు గర్వంగా ఉంది, ఏం దాచుకోను. నా దగ్గరికి వచ్చేసరికి నడక నెమ్మదైంది. ముక్కు కదిలింది. తోక కూడా కదిలింది.

దూరంగా చూడాలి కదా, గాజు తలుపు వైపు చూశాను. పాప బొగ్గుని చూడటం లేదు, నన్నే చూస్తోంది. బతిమాలుతున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టూ లేదు. ఎంతసేపైనా ఆగేదానిలా ఊరికే నిలబడి ఉంది.

నేను వేలు కదపలేదు.

వేళ్ల మీద వేడిగా ఊపిరి తగిలింది. ఆ తర్వాత తగలలేదు. గోళ్ల చప్పుడు నన్ను దాటి వెళ్లిపోయింది.

ఏడ్చాను. అందరి ముందూ ఏడ్చాను. పాప వచ్చి నా మోచెయ్యి నిమిరి, "మంచివాడివి," అంది. కుక్కకి చెప్పినట్టే చెప్పింది.

పసుపు కోటు వాళ్లే ఉంచుకున్నారు. తాడు మేడమ్ చేతికి ఇచ్చేటప్పుడు పాప రెండు చేతులతో ఇచ్చింది. దానికి ఎడమ చెవి వెనక దురద వస్తుందని, ఉరుములంటే కాస్త భయమని, పక్కన కూచుంటే చాలని చెప్పింది. మేడమ్ అవన్నీ రాసుకుంది. పాప కళ్లలో నీళ్లున్నాయి గానీ గొంతు వణకలేదు. తిరుగు బస్సులో వాళ్లమ్మ ఒళ్లో పడుకుని దిగే దాకా ఏడ్చింది.

ఏప్రిల్ 15

బడికి సెలవులు మొదలయ్యాయి. పాప కుర్చీలో కూచుంది.

రేడియో మాస్టారు వచ్చారు. నిన్న మేడమ్ చెప్పిన మాటే ఆయనకీ చెప్పాను, బొగ్గుని ఆరు నెలల శిక్షణ తర్వాత వేరే ఊళ్లో ఒక టీచరమ్మకి ఇస్తారట, ఆవిడది తొందర నడక, దీనిదీ అంతే. మీకు రాలేదండీ అని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆయనే అన్నారు, "నా ముందు ఒకరు తగ్గారు కదోయ్ కత్తెరా. ఇక పదిమందే."

ఏప్రిల్ 16

కుర్చీలోనే.

ఏప్రిల్ 17

కుర్చీలోనే. బజారుకి వెళ్దామా తల్లీ అన్నాను. ఇవాళ వద్దు నాన్నా అంది. మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, ఇంకొక్క మాట అంటే ఊరుకోనంది. ఏడాదంతా వృథా అయిందా అన్నాను. పెంచిన ప్రాణి వెళ్లిపోతే మూడు రోజులు కూచోదా, మీరు కూచోలేదా అంది. నేనెక్కడ కూచున్నాను అన్నాను. రెండు రోజులుగా కింద బల్ల వైపు చూస్తూ షాపు తెరవడమే మరిచిపోయారు అంది.

నిజమే. నిన్న పదకొండింటికి తెరిచాను.

ఏప్రిల్ 18

షాపు టైముకి తెరిచాను. పైకి వెళ్లి చూడలేదు. చూడాలని కాళ్లు లాగాయి, వెళ్లలేదు.

ఏప్రిల్ 19

పొద్దున పదింటికి ఒక కొత్త బేరం. పెద్దాయన, ఎక్కడో ఆఫీసు గుమస్తానట, మాటకారి. సగం గడ్డం గీశాను, సగం నురుగు ఉంది. తలెత్తి అద్దంలోకి చూస్తే నా వెనకున్న వీధి కనబడింది. అవతలి పక్క బస్టాపులో పాప నిలబడి ఉంది. ఒక్కతే. నీలం గౌను, భుజానికి సంచీ. పక్కన కుక్క లేదు, వాళ్లమ్మ లేదు. ఆవిడ డ్యూటీకి ఎప్పుడో వెళ్లింది.

బస్సు వచ్చింది. అడ్డంగా నిలబడి పాపని కనబడకుండా చేసింది. అది కదిలి వెళ్లిపోయాక బస్టాపు ఖాళీగా ఉంది.

ఏమైందయ్యా, నురుగు ఆరిపోతోంది అన్నాడు పెద్దాయన. మా అమ్మాయి బస్సెక్కిందండీ అన్నాను. అందులో వింతేముంది, పిల్లలు బస్సులెక్కరా అన్నాడు. ఎక్కుతారండీ అన్నాను. మళ్లీ నురుగు కలిపి రాసి మిగతా సగం గీశాను. ఎక్కడా గాటు పడలేదు.

ఇప్పుడు మూడయింది. పైకి వెళ్లి చూస్తే బల్ల మీద కాగితం, సాయంత్రానికి వస్తాను అని. అంతే ఉంది. వాళ్లమ్మకి చెప్పే ఉంటుంది, నాకు చెప్పలేదు. స్నేహితురాలి ఇంటికా, లైబ్రరీకా, గేటు దగ్గర ఏడ్చిన ఆ పిల్లవాడి ఇంటికా. మూడేళ్లలో మొదటిసారి, మా పాప ఈ నిమిషాన ఎక్కడుందో నాకు తెలీదు.